సంచుల కాపలా

నా వృత్తి కూర్చోవడం. సరిగ్గా చెప్పాలంటే, మిగతావాళ్ళు కూర్చోవడానికి ఏర్పాట్లు చేయడం. సోఫాలు, కుర్చీలు బాగుచేసే దుకాణం మా నాన్న తర్వాత నాకు వచ్చింది. పాత తొడుగు ఊడదీసి, కుంగిన స్ప్రింగులు మార్చి, ఫోము కోసి అమర్చి, కొత్త గుడ్డ బిగలాగి చిన్న మేకులు కొడతాను. తయారైన ప్రతి కుర్చీలోనూ నేనొకసారి కూర్చుని, అటూ ఇటూ కదిలి, కాసేపు వెనక్కి వాలి చూస్తేగానీ పని పూర్తయినట్టు కాదు. పళ్ళ డాక్టరు కుర్చీలో హాయిగా నిద్రపోయిన మనిషి మా ఊళ్ళో నేనొక్కదాన్నే అయివుంటాను.

ఇలాంటి దానికి లిఫ్టుల మెకానిక్కుతో పెళ్ళి రాసిపెట్టి ఉంది. మా ఆయన వారమంతా పెద్ద పెద్ద భవనాల్లో లిఫ్టు గుంటల్లోకి దిగుతారు, పైకప్పు మీది మోటారు గదిలోకి ఎక్కుతారు, మళ్ళీ దిగుతారు. చేతులకు అంటిన గ్రీజు కిరసనాయిలుతో కడిగినా గోళ్ళ చివర్లలో ఉండిపోతుంది. అంత ఎక్కి దిగిన మనిషికి ఆదివారం వస్తే కాస్త నేల మీద ఉండాలనిపించాలి కదా! అబ్బే. ఆదివారం కొండలెక్కాలి. "రోజూ మిషను ఎక్కిస్తుంది. అది ఎక్కడమా? కాళ్ళతో ఎక్కితే కదా ఎక్కినట్టు" అంటారు.

కొండలకు మా దగ్గర కరువు లేదు. ఊరు దాటగానే కొండలే. వాటి మధ్యకు సముద్రం చేతివేళ్ళలా చొచ్చుకొచ్చి ఒక్కో లోయలో ఒక్కో నీటి పాయగా పడుకుని ఉంటుంది. పాయల పక్కగా, గడ్డి వాలుల మీదుగా, రాతి గోడల వెంట కాలిబాటలు. ఎక్కడెక్కడి జనమో మెడలో కెమెరాలు వేసుకుని చూడ్డానికి వస్తారు. పెళ్ళయ్యేదాకా ఆ అందాలన్నీ నేను దుకాణం అద్దంలోంచే చూశాను. అద్దం మురికిగా ఉంటే అదీ లేదు.

కొత్తగా పెళ్ళయిన రోజుల్లో మా ఆయన నన్ను తన నడక బృందంతో తీసుకెళ్ళారు. బృందానికి నాయకురాలు మా వదిన, అంటే ఆయన అక్క. ఆసుపత్రిలో నర్సులందరికీ పెద్ద. ఆవిడ "మింగండి" అంటే రోగి మాత్రతో పాటు తన అభ్యంతరాలు కూడా మింగేస్తాడు. పోస్టాఫీసులో పనిచేసే ఒకాయన కార్యదర్శి. మిగతావాళ్ళు వీళ్ళిద్దరి మాట వినేవాళ్ళు.

మూడో మలుపు దాకా బాగానే నడిచాను. అక్కడ దారి సన్నబడింది. ఒక పక్క కొండ, ఇంకో పక్క ఏమీ లేదు. చాలా దిగువన నీళ్ళు మెరుస్తున్నాయి. "చూడు, ఎంత బాగుందో!" అన్నారు మా ఆయన. చూశాను. నీళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి, కొండ కదిలింది. కదిలే ఆ కొండనే రెండు చేతులా పట్టుకున్నాను. అదృష్టవశాత్తూ మలుపు లోపలి వైపు ఒక ఊట, దాని పక్కన చదునైన బండ ఉన్నాయి. వెళ్ళి దాని మీద కూర్చుని, నా జీవితాన్ని మార్చేసిన మాట అన్నాను.

"మీరు వెళ్ళి రండి. నేను సంచులు చూసుకుంటాను."

అప్పటిదాకా బరువులు మోసుకుంటూ ఎక్కుతున్న వాళ్ళకు సంచులకు కాపలా ఉండొచ్చన్న ఆలోచనే రాలేదు. అందరూ గబగబా దించేశారు. నా చుట్టూ సంచుల గోడ లేచింది. ఇక ప్రతి ఆదివారమూ అంతే. నేను మూడో మలుపు దాకా నడుస్తాను, బండ మీద కూర్చుంటాను, వాళ్ళు చేతులూపుకుంటూ పైకి వెళ్తారు. మా వదిన నాకు 'మజిలీ' అని పేరు పెట్టింది. అసలు పేరుతో పిలిస్తే నేనిప్పుడు పలుకుతానో లేదో తెలియదు.

ఆ బండ మీద నేను కూడా చిన్న హోదా సంపాదించుకున్నాను. దుకాణంలో మిగిలిన తోలుతో బండ ఆకారానికి సరిపోయే దిండు కుట్టుకున్నాను. దారిన పోయేవాళ్ళు ఆగి, "పైకి ఇంకా ఎంత దూరమండీ?" అని అడిగేవాళ్ళు. నాకేం తెలుసు? కానీ దిండు వేసుకుని కూర్చున్న మనిషి తెలియదంటే బాగుండదు. "ఇంకెంత, దగ్గరే" అనేదాన్ని. తిరిగొచ్చేటప్పుడు కొందరు నా వైపు చూడకుండా వెళ్ళిపోయేవాళ్ళు. కొందరు చూసి మరీ వెళ్ళేవాళ్ళు. ఆ చూపులను బట్టే శిఖరం చాలా దూరమని తెలుసుకున్నాను.

దుకాణంలో మాత్రం నేను పెద్ద పర్వతారోహకురాలినే. కొలతలు తీసుకుంటూ, "ఆ పైనుంచి చూస్తే అన్ని పాయలూ ఒకేసారి కనిపిస్తాయండీ, అటు చివర ఓడలకు దారి చూపే దీపస్తంభం కూడా" అని మా ఆయన చెప్పినదంతా నా కళ్ళతో చూసినట్టు వర్ణించేదాన్ని. దూరపు కొండలు నునుపంటారు. నేను చెప్పే కొండలు మరీ నునుపు.

ఇలా ఏళ్ళు గడిచిపోయాయి. అవి అలాగే గడిచిపోయేవి కూడా, మంచు దిగకపోతే.

ఆ ఆదివారం వాళ్ళు పైకి వెళ్ళిన కాసేపటికి సముద్రం మీంచి తెల్లటి మంచు లేచి లోయలోకి పాకింది. చూస్తుండగానే ఎదుటి కొండ పోయింది, దారి పోయింది, చివరికి నా బూట్లు కూడా కనబడలేదు. బండకు అతుక్కుని కూర్చున్నాను. పక్కనే ఏదో పెద్దది 'భుస్'మని ఊపిరి వదిలింది. తెలిసిన దేవుళ్ళందరినీ తలుచుకునేలోపు గరుకైన నాలుక ఒకటి నా మోచేతిని నాకింది. ఆవు. రొట్టెలున్న సంచిలో మూతి దూర్చేసింది కూడా.

సంచుల కాపలా నా ఏకైక ఉద్యోగం కదా. లేచి అరిచాను. "హుష్! పో!" అది రొట్టె నోట కరుచుకుని వెనక్కి వెనక్కి అడుగులేసిన చప్పుడు వినబడింది. అటు పక్కే లోయ. రొట్టె పోతే పోయింది, ఆవు పడిపోతే? ఎవరి ఆవో ఏమో! నా గొంతు నాకే తెలియనంత పెద్దదైంది.

"ఒసేయ్ మొద్దుదానా! అటెక్కడికే? అటు లోయ! పడి చస్తావ్! ఇటు రా! ఇటు, ఇటు! మెల్లగా దిగు! నా గొంతు వినపడ్డం లేదూ?"

ఎంతసేపు అరిచానో గుర్తులేదు. గొంతు బొంగురుపోయింది. ఆవు ఎటు పోయిందో పోయింది. కానీ మంచులోంచి ఒక మనిషి ఆకారం వచ్చింది, మా వదిన. ఆవిడ వెనక ఒకరి భుజం ఒకరు పట్టుకుని మిగతా అందరూ. పైన దారి తప్పి, వాలు మీద ఎటు అడుగేయాలో తెలియక నిలబడిపోయారట. అప్పుడు కింది నుంచి నా అరుపు వినబడిందట. "అటు లోయ" అంటే ఆగారట, "ఇటు" అంటే గొంతు వైపు తిరిగారట, "మెల్లగా" అంటే మెల్లగా దిగారట.

మా ఆయన నన్ను గట్టిగా పట్టుకున్నారు. కార్యదర్శి కళ్ళు తుడుచుకున్నాడు. "అమ్మా, మీరు లేకపోతే ఇవాళ మేం లేం."

"నేను అరిచింది ఆవు మీదండీ" అన్నాను.

"ఏ ఆవు?"

చుట్టూ చూశాను. ఆవు లేదు, రొట్టెలూ లేవు. ఖాళీ సంచిని, నన్ను మార్చి మార్చి చూశారు. రొట్టెలు నేనే తిన్నానని వాళ్ళకు నమ్మకం కుదిరింది. ప్రాణదాతను కాబట్టి ఎవరూ పైకి అనలేదు.

ఒక్క వదిన మాత్రం నన్ను పక్కకు లాగింది. "నిజం చెప్పు. ఆ మొద్దుదానా అన్నది ఆవునేనా?"

"ఆవునే వదినా. మీ మీద ఒట్టు."

"ముందు నడుస్తున్నది నేను. నన్నే అన్నావనుకుని నోరు మూసుకుని వచ్చాను." నన్ను ఎగాదిగా చూసి, "ఆవే అయ్యుంటుందిలే" అంది. ఆ రోజు నుంచి ఈనాటికీ ఆవు ఉందని వాదించే మనిషి ఆవిడొక్కతే. ఆవు లేకపోతే ఆ మాట ఎవరికి తగులుతుందో ఆవిడకు తెలుసు.

పేరు వస్తే ఊరుకోదు. బృందం నాకు సన్మానం తలపెట్టింది. అదీ ఎక్కడ? శిఖరం మీద.

"ఇక్కడే చేసేయొచ్చుగా, ఈ బండ దగ్గర" అన్నాను కార్యదర్శితో.

"భలేవారే! మిమ్మల్ని కింద కూర్చోబెట్టి సన్మానమా?"

మా వదిన అందుకుంది. "కూర్చుని తింటే కొండలు కూడా కరుగుతాయంటారు. నువ్వు ఇన్నేళ్ళు కూర్చుని తిన్నా ఈ కొండ వెంట్రుకంత కరగలేదు. ఇక లేచి ఎక్కడమే మార్గం."

మబ్బు తునక కూడా లేని రోజు చూసి బయలుదేరదీశారు. కాపలా మనిషే పైకి వెళ్తుంటే సంచులు ఎవరివి వాళ్ళే మోసుకోవాలి కదా. మొదటి వాలు దాటేసరికే సన్మానం మీద సగం మందికి ఉత్సాహం చచ్చిపోయింది. నేను మా వదిన స్వెట్టరు వెనక అంచు పిడికిట్లో పట్టుకుని, ఆవిడ మడమలు తప్ప ఇంకేమీ చూడకుండా ఎక్కాను. ఆ లోయల అందం గురించి ఆ పూట నన్నడిగితే, ఎడమ బూటు మడమ లోపలి వైపు అరిగిందని చెప్పగలిగేదాన్ని.

పైకి చేరాం. కళ్ళెత్తి చూశాను. అబద్ధమెందుకు, బాగుంది. నేను దుకాణంలో చెప్పినదానికంటే బాగుంది. పాయలన్నీ నిజంగానే కనిపిస్తున్నాయి, ఒక్కోదానిలో ఆకాశం ఒక్కో రంగులో ఉంది. దీపస్తంభం మాత్రం నేను చెప్పిన వైపు లేదు. ఇన్నాళ్ళూ దాన్ని ఎడమ పక్క నిలబెట్టి ఎంతమందికి చూపించానో! మా ఆయన నా ముఖం చూస్తూ నిలబడ్డారు. ఎన్నో ఏళ్ళుగా తను ఒక్కరే తిన్న మిఠాయి ఇవాళ నా నోట్లో పెట్టినట్టు ఉంది ఆయన వాలకం. "ఎలా ఉంది?" అన్నారు మెల్లగా. నిజంగా ఏదైనా మంచి మాట అనాలనుకున్నాను. నోరు తెరిస్తే గాలి దూరింది. "కూర్చోవడానికి చోటే లేదేమిటండీ?" అన్నాను.

కార్యదర్శి ఉపన్యాసం గాలికి కొట్టుకుపోయింది. నా మెడలో తాడు కట్టిన ఈల ఒకటి వేశారు, ఇంకోసారి గొంతు చించుకోనక్కర్లేకుండా. చప్పట్లు కొట్టారు. చలికి తట్టుకోలేక వెంటనే దిగడం మొదలుపెట్టారు.

దిగడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ఎక్కేటప్పుడు ఎదురుగా మడమలుంటాయి. దిగేటప్పుడు ఎదురుగా లోకం మొత్తం ఉంటుంది. అందరూ ముందు వెళ్ళిపోయారు. నాకు తోడుగా వదిన వెనక ఉండిపోయింది. సన్నటి చోటుకు వచ్చేసరికి నేను ఆగాను. ఆవిడ కూడా ఆగింది. నేను మళ్ళీ ధైర్యం తెచ్చుకుని, "పదండి వదినా" అన్నాను. ఆవిడ కదల్లేదు. తిరిగి చూస్తే రాతికి వీపు ఆనించి, రెండు అరచేతులూ వెనక్కి ఆనించి, కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది.

"ఏమైంది వదినా?"

"ఏమీ కాలేదు. ప్రతిసారీ ఇంతే."

"ప్రతిసారీ అంటే?"

"ప్రతిసారీ అంటే ప్రతిసారీ. చిన్నప్పటి నుంచీ. ఎప్పుడూ ముందు నడుస్తానెందుకనుకున్నావ్? ముందుంటే ముఖం ఎవరికీ కనబడదు. ఇవాళ నీతో వెనక ఉండిపోయి దొరికిపోయాను."

"మరి ఎందుకు ఎక్కుతున్నారు ఇన్నేళ్ళుగా?"

ఆవిడ కళ్ళు తెరిచి నావైపు కోపంగా చూసింది. "నువ్వు రాకముందు సంచులు చూసుకుంటానని చెప్పొచ్చని నాకు తట్టలేదే! తట్టేసరికి నువ్వు కూర్చునే ఉన్నావు."

ఆ మాటకు నవ్వొచ్చింది. నవ్వితే కాళ్ళు వణికాయి. ఆవిడకు కూడా నవ్వొచ్చింది, ఆవిడ కాళ్ళూ వణికాయి. ఇక నిలబడి లాభం లేదని ఇద్దరం కింద కూర్చున్నాం. కూర్చోవడం నాకు తెలిసిన విద్య కాబట్టి నేను ముందు. పిరుదుల మీద ఒక్కో అడుగే జరుగుతూ, గడ్డి పట్టుకుంటూ, ఎదురొచ్చిన ఇద్దరు యాత్రికులకు దారిచ్చి "దగ్గరే, ఇంకెంతో లేదు" అని చెబుతూ, ఊట దగ్గరి బండ దాకా దిగాం. ఇద్దరి బట్టలూ వెనక చిరిగాయి. నేను కుర్చీలకు తొడిగే గుడ్డయితే ఆపాటి రాపిడికి చెక్కుచెదరదు.

మిగతావాళ్ళు ఎదురుచూస్తున్నారు. ఆవిడ లేచి నిలబడింది, గొంతు మళ్ళీ ఆసుపత్రిదైంది. "మజిలీకి కళ్ళు తిరిగాయి. పట్టుకుని దించేసరికి నా పని అయింది." నేను తలాడించాను. ఈ మధ్య ఆవిడే అసలు సంగతి అందరికీ చెప్పేసింది. ఆ కథలో కూడా ఎక్కువ వణికింది నేనే.

తర్వాతి ఆదివారం నేను యథాప్రకారం బండ మీద కూర్చున్నాను. మా ఆయన "నువ్వు ఒకసారి చూసింది చాలులే, ఆ పైన నీ ముఖం నేను చూశాను" అని నవ్వుతూ పైకి బయలుదేరారు. వదిన ఒక అడుగు వేసి ఆగింది. "మొన్న కళ్ళు తిరిగిన మనిషిని ఒంటరిగా వదిలేయడం మంచిది కాదు. మీరు వెళ్ళండి, నేను దీని దగ్గర ఉంటాను" అని నా దిండులో సగానికి పైగా ఆక్రమించింది.

ఇప్పుడు ఆదివారాలన్నీ అలాగే. బృందానికి కార్యదర్శి నాయకుడయ్యాడు. దారి తప్పడంలో అతనికి మంచి నేర్పు ఉంది. వదిన మాత్రం బండ మీద కూర్చున్నప్పటి నుంచి లేచేదాకా ఆసుపత్రి కబుర్లు చెబుతుంది. ఎవరికి ఏ పేగు ఎక్కడ మెలిపడిందో, ఎవరి కట్టు విప్పితే ఏం కనబడిందో, ఒక్కటీ వదలదు. ఎదురుగా అంత అందమైన లోయ, చెవిలో పేగులు. ఒకరోజు పడలేక లేచాను.

"ఎక్కడికే?" అంది.

"ఊరికే. పై మలుపు దాకా వెళ్ళొస్తాను వదినా."

రాతి గోడ పట్టుకుని, కింద చూడకుండా, ఒక్క మలుపు ఎక్కాను. అక్కడ బండ లేదు. అయినా కాసేపు నిలబడ్డాను, ఎంత నిశ్శబ్దంగా ఉందో!