మునెమ్మ బెల్టు బిళ్ళ

ఒక ముసలావిడ నిజం చెప్పింది. నేను కాదన్నాను. అందరూ నా మాటే నమ్మారు. ఇన్నేళ్ళుగా నేను మోస్తున్నది ఇంతే. చెప్పడానికి చిన్నదే, మోసీ మోసీ అలిసిపోయాను. మీరెవరో నాకు తెలియదు, తెలియకపోవడమే మేలు. తెలిసినవాళ్ళ ముందు ఈ మాట ఎన్నోసార్లు నోటిదాకా వచ్చి, నములుతున్న వక్కాకుతో పాటు లోపలికే పోయింది.

తమిళనాడులో, వేలూరు దగ్గరి గుడియాత్తంలో నాకు ఇత్తడి పోత షెడ్డు ఉండేది. పేర్ణాంబట్టు తోలు కంపెనీలు కుట్టే బెల్టులకు, సంచులకు బకిల్సూ రింగులూ పోసి ఇచ్చేవాణ్ణి. బయటి దేశాలకు సరుకు పంపడం ఒక్కసారిగా సులువైపోయిన కాలం అది. నిన్నటిదాకా తోళ్ళ షెడ్డులో గుమాస్తాగా ఉన్నవాడు ఇవాళ ఎక్స్‌పోర్టరునని సఫారీ సూటు కుట్టించుకునేవాడు. అప్పుడే వేలూరు నుంచి ఒక ఏజెంటు నా దగ్గరికి రావడం మొదలుపెట్టాడు. కోట దగ్గర పాత సామాన్ల కొట్టు ఆయనది. పాత మిలిటరీ బెల్టు బిళ్ళలంటే బయటి దేశాల వాళ్ళకు పిచ్చి అట. ఊళ్ళమ్మట తిరిగి కొన్నవి తెచ్చి, ఇది అసలుదా నకలా చూడమని నా చేతిలో పెట్టేవాడు.

నాకు అది తెలుసు. ఎంత బాగా తెలుసో చెప్పకపోతే నేను చేసింది ఎంత చెడ్డ పనో మీకు అర్థం కాదు. పాత బిళ్ళలను ఉక్కు అచ్చుతో కొట్టేవారు, అక్షరాల అంచులు కోసినట్టు నిలబడతాయి. ఇసుకలో పోసినదాని మీద ఎంత రుద్దినా భూతద్దం పెడితే సన్నటి గుంతలు కనిపిస్తాయి. అసలుదాన్ని ఇసుకలో నొక్కి, ఆ అచ్చులో పోస్తే వచ్చే నకలు అసలుకంటే పిసరంత చిన్నది, ఎందుకంటే ఇత్తడి చల్లారితే ముడుచుకుంటుంది. పాతదాని చిలుము సందుల్లో ఉండి తడిగుడ్డకు రాదు, దొంగ చిలుము గుడ్డకంతా అంటుకుంటుంది. ఇక అరుగుదల. అసలుది మనిషి పట్టుకున్న చోటే అరుగుతుంది. నకలు అన్నిచోట్లా ఒకేలాగా ఉంటుంది.

కొన్నాళ్ళకు అసలువి దొరకడం తగ్గిపోయింది. దొరికినట్టు చేసిపెట్టమన్నాడు ఏజెంటు. సరే అన్నాను. కానీ కొలతకు ఒక అసలుది కావాలి.

మా వీధిలోనే గోవిందన్న ఇల్లు. కట్టుబడి మేస్త్రీ, మాలాగే తెలుగువాళ్ళు. వాళ్ళమ్మ మునెమ్మ. ఆమె భర్త తెల్లదొరల కాలంలో, పెద్ద యుద్ధమప్పుడు పటాలంలో చేరాడు. సెలవుకు వచ్చినప్పుడు పాత బెల్టు ఇంట్లో వదిలి, కొత్తది కట్టుకుని వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. పోయాడని కాగితం వచ్చింది, శవం రాలేదు. గోవిందన్న అప్పటికి చంటిపిల్లాడు. బెల్టు తోలు చివికిపోయి ఇత్తడి బిళ్ళ మిగిలింది. ఆయుధపూజ నాడు కొడుకు తాపీ, తూకంగుండు, మట్టపలక వరసగా పేర్చి, వాటికి ముందు ఆ బిళ్ళ ఉంచి కుంకుమ పెట్టేది. ప్రతి శుక్రవారం దాన్ని చింతపండుతో తోమేది. అన్నేళ్ళ తోముడుకు దాని మీది కిరీటం బొమ్మ నున్నగా అరిగిపోయింది, బిళ్ళ మాత్రం నిన్న చేసినట్టు మెరిసేది. ఏజెంటు చూసి ఉంటే కొత్తదని పక్కన పారేసేవాడు. నేను వెనక్కి తిప్పి కొక్కెం అతికిన తీరు చూడగానే అసలుదని తెలుసుకున్నాను. పోయిన గీతలు నేను చెక్కుకోగలను, కొలతే నాకు కావలసింది.

ఆమె ఇవ్వనంది. గోవిందన్న బతిమాలి ఇప్పించాడు. ఆయుధపూజకు ముందే తెచ్చిస్తానని మాట ఇచ్చాను.

నకళ్ళు పోశాను. వాటికి వయసు తెప్పించాలి కదా. పేర్ణాంబట్టు షెడ్లలో పచ్చితోళ్ళ నుంచి దులిపిన ఉప్పు తెచ్చి, కుండలో తడిపి, బిళ్ళలు అందులో పాతిపెట్టేవాణ్ణి. ఆ కంపు ఇప్పటికీ ముక్కులో ఉంది. కొన్ని వారాల్లో వాటికి ముసలితనం వచ్చేసేది. పాతిపెట్టే ముందు, రంగు సరిపోయిందో లేదో చూడడానికి ఆమె బిళ్ళను కొత్తవాటి మధ్య పెట్టాను. అన్నీ ఒకేలా తళతళలాడుతున్నాయి. ఎవరితోనో మాట్లాడుతూ అన్నిటినీ కలిపి కుండలోకి ఊడ్చేశాను. అది దొంగతనం కాదు. పొరపాటు. ఈ మాట నాకు నేను చాలా ఏళ్ళు చెప్పుకున్నాను.

పూజ దగ్గరపడ్డాక వెతికితే బిళ్ళ లేదు. కుండలోకి ఊడ్చినవాటితో పాటే పోయిందని అప్పుడు అర్థమైంది. సరుకు అప్పటికే వేలూరు చేరింది. పరుగున వెళ్ళి బస్సెక్కాను. పెట్టెలు కొట్టు వెనక గదిలోనే ఉన్నాయి, మేకులు కొట్టి, మద్రాసు లారీకి సిద్ధంగా. తెరవమంటే తెరిచేవాడు. కూర్చుని ఒక్కొక్కటే తిప్పి చూసుకుంటూ పోతే ఆ పూటకే దొరికేది. అడిగానా? అసలుకూ నకలుకూ తేడా చెప్పే మొనగాడినని పేరు పడ్డవాణ్ణి, అసలును తీసుకెళ్ళి నకళ్ళలో కలిపేశానని ఏ నోటితో చెప్పను? ఏజెంటు టీ తెప్పించాడు. తాగాను. సరుకు బ్రహ్మాండంగా ఉందన్నాడు. సంతోషమన్నాను. తిరుగు బస్సులో నాకు నిద్ర కూడా పట్టింది. ఎలా పట్టిందో ఇప్పటికీ తెలియదు.

ఇంటికొచ్చి మిగిలిన నకళ్ళలో ఒకటి తీశాను. కిరీటాన్ని అరగదీశాను. ఆమె వేలు ఎక్కడ పడేదో గుర్తు తెచ్చుకుని అక్కడ ఇంకాస్త రుద్దాను. ఇది పొరపాటు కాదు. ఇది నేను కూర్చుని, ఆలోచించి, చేసిన పని.

పూజ ముందురోజు తీసుకెళ్ళి ఇచ్చాను. మునెమ్మ వాకిట్లో చింతపండు నానబెట్టుకుని కూర్చుని ఉంది. గోవిందన్న, ఆయన భార్య పక్కనే ఉన్నారు. బిళ్ళ అందుకుని బొటనవేలితో ఒకసారి రాసింది. మళ్ళీ రాసింది.

"ఇది మాది కాదు నాయనా."

"మీదే పెద్దమ్మా. నేనెందుకు మారుస్తాను?"

"నువ్వు మార్చినావని అనలే. యాడనో మారిపోయిండాది. మాదాంట్లో ఈడ బొటనేలు పెడితే కూచుంటాది. దీంట్లో కూచోలే. కొంచెం చిన్నదిగా కూడా ఉండాది."

ఆ పిసరంత తేడా కొలవడానికి నాకు పరికరం కావాలి. ఆమె వేలితో చెప్పేసింది. అప్పుడైనా ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని జరిగింది చెప్పేయవచ్చు. తిట్టేది, ఏడ్చేది, అంతకంటే ఏం చేసేది?

"పెద్దమ్మా, నేను ఇట్లాంటివి ఎన్నో చూసినోణ్ణి. వేలూరోళ్ళే నాకాడికొచ్చి అడిగి పోతారు. ఇది మీదే. నీకు వయసైపోయిండాది. మతి తప్పతా ఉండాది, అంతే."

"ఆయప్ప చెప్తా ఉండాడు గదమ్మా, వదిలెయ్," అన్నాడు గోవిందన్న.

ఆమె కొడుకు వైపు చూసింది. కోడలి వైపు చూసింది. తర్వాత నా వైపు.

"సరిప్పా. నువ్వు చెప్తే సరే," అని చింతపండు తీసుకుని తోమడం మొదలుపెట్టింది.

మతి అనే ఆ మాట ఆ ఇంట్లో ఉండిపోయింది. కూరలో ఉప్పు ఎక్కువైతే మతి. ఎవరి పేరైనా తడబడితే మతి. అంతకుముందు నవ్వి ఊరుకునేవాళ్ళే ఇప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. మెల్లగా ఆమెను పొయ్యి దగ్గరికి రానివ్వడం మానేశారు, ఒంటరిగా అంగడికి పంపడం మానేశారు, తాళాలగుత్తి కోడలి నడుముకు చేరింది. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. భయపడ్డారు. భయపెట్టింది నేను.

ఇంతకంటే చెప్పుకోలేనిది ఒకటుంది. ఆమె తన మీద తనే నమ్మకం పోగొట్టుకుంది. ఏదో ఒకటి కొంగులో కట్టుకుని నా షెడ్డుకు వచ్చేది. ఒకసారి చెవి కమ్మలు, ఒకసారి చెంబు, ఒకసారి కొడుకు తాపీ. ఇది మాదేనా చూడు నాయనా అని అడిగేది. ఊళ్ళో ఎవరినీ కాదు, నన్నే. అసలు ఏదో నకలు ఏదో నాకు తెలుసు కదా మరి. నేను వెలుతురులోకి తిప్పి చూసినట్టు నటించి, మీదే పెద్దమ్మా అనేవాణ్ణి. నిమ్మళంగా వెళ్ళిపోయేది. వెళ్తున్న ఆమె వీపు వైపు చూస్తూ, రేపు చెబుతాను అనుకునేవాణ్ణి. ఏం మనిషిని నేను? చెప్పకుండానే ఆమె పోయింది. మతి చెడి పోయిందనే వీధంతా అనుకుంది.

ఆ పాపం అక్కడితో ముగిసిందనుకున్నాను. ముగియలేదు. గోవిందన్నకు ఇప్పుడు వాళ్ళమ్మ వయసు వచ్చింది. మొన్న మా అరుగు మీద కూర్చుని ఏడ్చాడు. కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో మరిచిపోయాడట, కొళాయి కట్టేయడం మరిచిపోయాడట. ఈ వయసులో ఎవరు మరిచిపోరు? నేనూ మరిచిపోతాను. కానీ ఆయన మనవడి ఇంటి కట్టుబడి చూసుకోవడం కూడా మానుకుని మూల కూర్చున్నాడు.

"మా అమ్మకొచ్చిందే నాకూ వస్తా ఉండాది తమ్ముడా. మా రక్తంలోనే ఉండాది. రేపు నా కూతురికీ రాదని ఏం నమ్మకం?"

"ఏమీ కాదులే అన్నా," అన్నాను. మళ్ళీ అదే మనిషిని. ఆ రోగం ఎక్కడ పుట్టిందో నాకొక్కడికే తెలుసు, ఏమీ కాదులే అన్నాను.

అందుకే ఇది రాస్తున్నాను. నాది పరదరామి వైపు, ఆంధ్రా అంచున. చిన్నప్పుడు సరిహద్దు దాటి చిత్తూరు వైపు బడిలో చదివాను కాబట్టి నాకు తెలుగు రాయడం వచ్చు. గోవిందన్న ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, చదవడం ఒక్కరికీ రాదు, వాళ్ళ చదువులన్నీ తమిళం. నాకూ తమిళం రాయడం వచ్చు. అయినా తెలుగులో మొదలుపెట్టాను. ఎందుకని? సగం రాశాక అర్థమైంది. ఈ కాగితాలు వాళ్ళ చేతికి చిక్కినా నేను దొరకను కాబట్టి. ఒప్పుకుంటూ కూడా దాక్కునే చోటే వెతుక్కున్నాను.

అయినా రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది. అది చాలదని తెలుసు. గోవిందన్న నన్ను క్షమించడు, నేను అడగను కూడా. పొద్దున్నే మా అరుగు మీదికి వస్తాడు. ఆయనకు ఇదంతా చదివి వినిపించాల్సిన పని లేదు. చెప్పాల్సింది రెండు ముక్కలు. అన్నా, మీ అమ్మకు మతి తప్పలేదు. ఆ బిళ్ళ మీది కాదు.