అమ్మ పక్కన ఆరడుగులు

ఆస్ట్రేలియాలో ఏటి ఒడ్డున ఉన్న ఆ పత్తి ఊళ్లో ఏది తెరిచినా ముందు ఎల్వా రావాలి. ఈతకొలనైనా, పోలీస్ స్టేషనైనా, చివరికి పాత పత్తిమిల్లుకి రంగులేసి రిబ్బను కట్టినా సరే, కౌన్సిల్ వాళ్లు ఆవిడకి కారు పంపేవారు. ఆవిడ వచ్చి పచ్చాకులు రాజేసి పొగ పెట్టి, అమ్మమ్మ నేర్పిన మాటలు నాలుగు, తెల్లవాళ్ల కన్నా ముందునుంచీ ఇక్కడున్న మా జనం భాషలో పలికి, "రండి, మా నేల మీదికి మంచి మనసుతో రండి" అనాలి. అప్పుడుగానీ తెల్లవాళ్లకి లోపల అడుగు పెట్టబుద్ధయ్యేది కాదు. రెండొందల ఏళ్ల కిందట ఇంత మర్యాద ఎక్కడ దాచుకున్నారో మాత్రం అడక్కండి.

పంతొమ్మిదేళ్లు చేసింది ఆ పని. తమ్ముడు ఎగతాళి చేసేవాడు. "ఇల్లు లాక్కున్నవాడు గుమ్మంలో నిలబడి రమ్మంటావా అనడం, నువ్వు రారా నాయనా అనడం! నీకేమన్నా పిచ్చా అక్కా?"

"అననీరా. అంటూ అంటూ ఉంటే ఎప్పటికో వాళ్ల చెవికే ఎక్కుతుంది" అనేది ఎల్వా. నిజంగా నమ్మింది పిచ్చితల్లి.

ఆ తమ్ముడు మంగళవారం పొద్దున ఆస్పత్రిలో పోయాడు. అతని పేరు ఇక్కడ రాయడం కుదరదు. మా జనంలో కొత్తగా పోయినవాడి పేరు కొన్నేళ్లపాటు పలకరు, రాయరు. పలికితే, వెళ్లేవాడు ఆగి వెనక్కి చూస్తాడు, ఇక అక్కడి నుంచి కదలలేడు.

అతనికి ఉన్నది ఒకటే కోరిక, ఏటి వంపు దగ్గర అమ్మ పక్కన పడుకోవాలని. అక్కాతమ్ముళ్లిద్దరూ ఆ వంపు దగ్గరే, మా జనాన్ని ఉంచడానికి పాదిరీలు వేసిన మిషన్ గుడిసెల్లో పుట్టారు. ఎల్వాకి ఏడేళ్లప్పుడు అమ్మ పోయింది. తొమ్మిదేళ్లప్పుడు సర్కారు లారీ వచ్చి బతికున్నవాళ్లందరినీ ఎక్కించుకుని ఊరి చివర దింపింది. చచ్చినవాళ్లు అక్కడే ఉండిపోయారు. ఆ చోటు ఇప్పుడు ఒక పత్తి ఆసామి కంచెలో ఉంది. ఆ కంచె వేసిందీ తమ్ముడే, కూలికి. ఏటా తనేసిన తీగే ఎత్తి దూరి, అమ్మ మీద మొలిచిన గడ్డి పీకి వచ్చేవాడు. రెండుసార్లు పోలీసులు పట్టుకున్నారు.

ఈసారి ఆసామి కాదనలేదు. "కౌన్సిల్ కాయితం తెచ్చుకోండి, నాకేం అడ్డం లేదు" అన్నాడు. తమ్ముడి కూతురు టార్ని వెళ్లి దరఖాస్తు తెచ్చింది. మొదటి గడిలోనే చిక్కొచ్చింది.

"అత్తా, పేరు రాయాలంట."

"వదిలెయ్."

"వదిలేస్తే ఎట్టా? ఎవరి కోసం అడుగుతున్నామో వాళ్లకి తెలియొద్దా?"

"మీ నాయనమ్మ పేరు రాయి, పుట్టిన తేదీ రాయి. ఈ ఊరి కంచెలు సగం వాడే వేశాడు, తెలీకేం చస్తారు? ఎక్కువ మాట్లాడకుండా రాయవే."

గురువారం పొద్దున కౌన్సిల్ గుమాస్తా ఆ కాయితం తిప్పి ఇచ్చేసింది. మంచి పిల్లే, మొహంలో జాలి కూడా ఉంది. "ఆంటీ, పేరు లేకపోతే దీన్ని మీటింగులో పెట్టనివ్వరు. ఇవాళ సాయంత్రం తప్పితే మళ్లీ నెలకే. అన్నాళ్లు ఆస్పత్రి వాళ్లు ఉంచరు కదండీ. ఆ ఒక్కటీ రాసెయ్యండి, నేనే పట్టుకెళ్లి ఇస్తా."

ఎల్వా ఆ బల్ల ముందు చాలాసేపు నిలబడింది. రాస్తే తమ్ముడి దారికి తనే అడ్డం పడాలి. రాయకపోతే వాడు అమ్మ దగ్గరికి చేరడు. కలం తీసుకుని రాసింది. టార్ని గోడవైపు తిరిగి నిలబడింది.

"తప్పు నాదే పిల్లా" అంది ఎల్వా, గౌనుకి చెయ్యి తుడుచుకుంటూ. "అమ్మ పక్కన పడుకున్నాక వాడే మన్నిస్తాడులే."

సాయంత్రం కొత్త కౌన్సిల్ హాల్లో మొదటి మీటింగు. ఆవిడే పొగ పెట్టాలి. ఇంట్లో మనిషి పోయాడు కదా, ఇబ్బందైతే వద్దులెండి అన్నారు గానీ, అడగబోయే వాళ్ల దగ్గర మొహం మాడ్చుకోవడం ఎందుకని వెళ్లింది. రండి అంది. మేయరు లేచి కళ్లజోడు పెట్టుకుని చదివాడు. "ఈ నేలని వీళ్లు ఎవరికీ ఇచ్చెయ్యలేదు. ఇది ఎప్పటికీ వీళ్లదే. గతించిన పెద్దలకీ, ఉన్న పెద్దలకీ తల వంచుతున్నాం." తర్వాత గొంతు తగ్గించి, "ఈ వారం మనం ఒక పెద్దాయన్ని పోగొట్టుకున్నాం" అంటూ పేరు చెప్పాడు. ఇంటిపేరుతో సహా, మైకులో, రెండుసార్లు. ఎల్వా రాసిన కాయితంలోంచే చూసి చెప్పాడు.

టార్ని చెవులు మూసుకుంది. పాపం, ఆయన గౌరవం చేస్తున్నాననే అనుకున్నాడు. వీళ్లతో వచ్చిన ఏడుపే అది.

దరఖాస్తు ఏడో అంశం. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. ఏటి వంపు శ్మశానంగా నమోదు కాలేదన్నారు. అక్కడ సమాధులున్నట్టు రికార్డు లేదన్నారు. ఊరి శ్మశానంలో కావలసినంత చోటుందన్నారు. కుదరదని ఓటుకి చేతులెత్తారు, అయిపోయింది.

ఎల్వా లేచింది.

"ఇందాక రండి అన్నా. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. ఈ నేల మాదని మీ నోటితోనే అన్నారు కదా? మాదైతే మాకు ఆరడుగులు లేదనడానికి మీరెవరు? లేవండి. అందరూ బయటికి నడవండి."

ఒక్క కుర్చీ కదల్లేదు. మేయరు మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"థాంక్యూ ఆంటీ. మనసు విప్పి చెప్పారు. మనమందరం వినాల్సిన మాటలు."

ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. అందరూ కొట్టారు. ఇద్దరు ముగ్గురు కళ్లు కూడా తుడుచుకున్నారు. తర్వాత ఎనిమిదో అంశానికి వెళ్లారు, చెత్తబండ్ల వేళల గురించి.

శనివారం తమ్ముణ్ణి ఊరి శ్మశానంలో పూడ్చారు, కొత్త వరుసలో, ముక్కూ మొహం తెలియని వాళ్ల మధ్య. వచ్చిన జనం వెళ్లిపోయారు. ఎల్వా ఆ మట్టి దగ్గరే కూర్చుంది.

"ఎండ మండిపోతోంది, పద అత్తా."

"మా అమ్మ అరవై ఏళ్లకి పైగా ఒక్కతే పడుంది అక్కడ. వాడొస్తాడు, నీకు తోడుంటాడు అని మొన్న బుధవారం కంచె దగ్గర నిలబడి నేనే చెప్పొచ్చా." ఎల్వా తలెత్తి చూసింది. "రేపు పోతే, వాడేడే అని అడుగుద్ది. ఏం చెప్పనే?"