ఆరున్నరకు శ్రద్ధాంజలి

బళ్లారి సత్యనారాయణపేటలోని లోకల్ కేబుల్ చానెల్‌లో నెట్టికంటప్పది పంతొమ్మిదేళ్ల కొలువు. రోజూ సాయంత్రం ఆరున్నరకు శ్రద్ధాంజలి ఫొటోలు వేయడం అతని పని. ఫొటో చేతికి రాగానే చొక్కా అంచుతో తుడుస్తాడు. పేరు రెండుసార్లు అడిగి, వెనకవైపు తెలుగులోనూ కన్నడలోనూ రాసుకుంటాడు. తన ఫోన్ నంబరు చీటీ మీద రాసిస్తాడు. తెరమీద ఆ ఫొటోలు నడుస్తున్నంతసేపూ చెప్పులు విడిచి, కుర్చీలోంచి లేచి నిలబడతాడు. ఆ గదిలో అతన్ని చూసేవాళ్లెవరూ ఉండరు, అయినా నిలబడతాడు.

చానెల్ దివాలా తీసింది. వేలంలో కొనుక్కున్న బెంగళూరు కంపెనీ సోమవారం నుంచి సినిమా పాటలు తప్ప ఇంకేమీ వేయడం లేదు. సామాన్లు అప్పజెప్పడానికి నెట్టికంటప్ప ఒక్కడే ఆఫీసులో ఉండగా, కురుగోడు నుంచి రుద్రమ్మ ఫొటో పట్టుకుని వచ్చింది.

“మా ఇంటాయనప్పా, తిప్పేస్వామి. మొన్న పోయినాడు. ఈ పొద్దు టీవీలో వస్తాడా?”

అతని చెయ్యి అప్పటికే ఫొటో తుడుస్తోంది. పేరు రాసుకుని, చీటీ ఇచ్చి, “ఆరున్నరకి చూడమ్మా” అన్నాడు, పంతొమ్మిదేళ్లుగా అన్నట్టే. ఆమె కళ్లొత్తుకుంటూ వెళ్లిపోయాక గానీ తానేమన్నాడో అతనికి తెలిసిరాలేదు. బస్టాండుకు పరిగెత్తేసరికి కురుగోడు బస్సు కదిలిపోయింది.

ఆరున్నరకు ఇంట్లో టీవీ పెట్టాడు. ఏదో పెళ్లిపాట. తిప్పేస్వామి ఫొటో చేత్తో పట్టుకుని లేచి నిలబడ్డాడు. ఫోన్ మోగింది.

“పాట వస్తాండాదప్పా. మావాళ్లందరూ టీవీ ముందర కూసోనుండారు. మా ఆయప్ప ఎప్పుడొస్తాడు?”