గర్బా పాసు అసలు ధర

మా ఊళ్లోని అడాజన్‌ పేటలో నవరాత్రుల గర్బా నాట్యం ఆడాలని మనవరాలు ముస్తాబైంది. పాసు ఐదు వందలని ఫోన్‌లో చూపించింది, ఇచ్చాను. తీరా ఫోన్‌లోనే డబ్బు కట్టే చోటికి వచ్చేసరికి అది ఆరు వందలు దాటింది.

"గిదేందే?" అన్నాను.

"ఫీజులు తాతా. అందరు కడుతున్నరు, జల్ది ఇయ్యి!"

"ముందే మొత్తం చెప్పాలని రూల్ ఉన్నదట. పేపర్ల చదివిన."

"గా పేపర్ చూపిస్తే గేటు తీస్తరా?"

మరమగ్గాల మీద పనిచేసే రోజుల్లో సినిమాకు వెళితే, టికెట్ కిటికీ పైన రాసిన ధరకు సరిపడా చిల్లర పిడికిట్లో బిగించి కన్నంలో చెయ్యి పెట్టేవాళ్లం. చెయ్యి లోపలికి వెళ్లాక ధర పెంచినవాణ్ణి నేను చూడలేదు.

ఇప్పుడేమో పిల్ల గాగ్రా కట్టుకుని, స్నేహితురాళ్లు కింద నుంచి కేకలేస్తున్నప్పుడు అసలు ధర చెప్పారు. వద్దనే వీలెక్కడిది? తిట్టుకుంటూనే మిగతాదీ ఇచ్చాను.