పైకి వదిలిన మేకులు

మా లంక పొలంలో దొండపందిరి వేసే మేస్త్రీ ఏ మేకునూ పూర్తిగా దిగ్గొట్టేవాడు కాదు. కొలతలన్నీ భుజం మీది తువ్వాలుతోనే తీసేవాడు. ప్రతి మేకూ గోరంత పైకి వదిలేసేవాడు. వాటికి తగిలి నా చీరలు ఎన్ని చిరిగాయో! పని రాని మనిషినే పట్టుకొచ్చామని మొదట్లో తిట్టుకున్నాను కూడా.

"మళ్ళీ పీకాలి గదండీ," అనేవాడు, అంతే.

ఎగువన బ్యారేజీ గేట్లెత్తారని, కృష్ణకు వరదొస్తోందని తెలిస్తే చాలు, చల్లపల్లి నుంచి సైకిలు మీద వచ్చేవాడు. పైకి వదిలిన ఆ తలలు పట్టుకుని మేకులన్నీ లాగేసి, సరుగుడు కర్రలు కరకట్ట మీదికి చేర్చేవాడు. నీళ్ళు తీశాక మళ్ళీ అవే కర్రలు, అవే మేకులు. వంగిన మేకుల్ని రాతి మీద పెట్టి సాపు చేస్తున్నప్పుడు ఆయన ముఖంలో కోపం ఉండేది కాదు, ఆశా ఉండేది కాదు.

నిరుడు వరద తీశాక కూడా వచ్చాడు. రెండు దెబ్బలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటూ, పూట పనిని పొద్దుగూకేదాకా చేశాడు. చివర్లో గుంజ మీద చెయ్యి వేశాను. ఏమీ తగల్లేదు. మేకులన్నీ తలలతో సహా కర్రలోకి దిగిపోయి ఉన్నాయి.

"ఇదేంటి మేస్త్రీ గారూ, రేపు వరదొస్తే పీకేదెట్టా?"

ఆయన సుత్తి సంచిలో వేసుకుని, సంచి సైకిలుకు తగిలించాడు.

"ఇంక నా వల్ల కాదమ్మా. ఈసారి కృష్ణమ్మనే పీక్కోమనండి."