అవ్వకు అర్థమైన బింజ్

సీరియల్‌ను రోజుకొక భాగం కాకుండా, ఉన్నవన్నీ వరసబెట్టి చూసేయడాన్ని బింజ్ అంటారు. హిందూపురం ఫ్యాక్టరీలో నాతో పనిచేసే కుర్రాళ్ళ నోట విన్నాను. అదివరకు నా భార్య దాన్ని సోమరితనం అనేది. ఈ మాట దొరికాక అదొక పనిలాగా అనిపించింది. "బింజ్ చేస్తాండా, పిలవద్దు" అని ఇంట్లో గొప్పగా చెప్పేవాణ్ణి.

పాపకు జ్వరం వచ్చిన మధ్యాహ్నం కూడా అదే చెప్పాను. ఆటో పిలవమంటే, "ఈ ఒక్కటి అయిపోనీ" అన్నాను. అది అయిపోగానే ఇంకొకటి దానంతటదే మొదలైంది. తలెత్తేసరికి ఇంట్లో ఎవరూ లేరు. పక్కింటాయన స్కూటర్ మీద డాక్టరు దగ్గరికి వెళ్ళారట. పాపకు తగ్గింది. తల్లీబిడ్డలు మాత్రం అటునుంచి అటే పెనుకొండలోని పుట్టింటికి వెళ్ళిపోయారు.

ఎంతో బతిమాలాక, పెద్దల ముందుకొచ్చి ఇక ఇల్లు పట్టించుకుంటానని మాట ఇస్తే పంపుతామన్నారు. వాళ్ళు తిరిగి రావడానికి నాకు మిగిలిన దారి అదొక్కటే. పాసింజర్ ఎక్కాను. ఏం చెప్పాలో ఎంత అనుకున్నా మాటలు కుదరలేదు. కాసేపు అది మరిచిపోవడానికి ఫోన్ తీశాను. ఒక్కటే అనుకున్నాను. మధ్యలో బండి ఆగింది, జనం దిగారు. అది ఏ ఊరో తలెత్తి చూడలేదు.

చివరికి ఎవరో పెద్దాయన భుజం తట్టాడు. "ఏమప్పా, దిగవా? ధర్మవరం వచ్చె. బండి ఈడికే లాస్టు."

పెనుకొండ ఎప్పుడో దాటిపోయింది. ఫోన్ చేస్తే బావమరిది ఎత్తాడు. "యాడుండావు బావా? పెద్దోళ్ళొచ్చి కూర్చోనుండారు."

"ధర్మవరంలో."

"మా అక్కకు పట్టుచీర తెస్తాండావా?"

వెనక నుంచి వాళ్ళ అవ్వ గొంతు వినిపించింది. "తాగి పడుకున్యాడేమో అడుగు. పాప చెప్తానే ఉండాది కదా, మా నాయన దినామూ బింజి, దినామూ బింజి అని. అదేందో సీమసారాయి."

అంతమందిలో ఎవరూ నవ్వలేదు. నా భార్య ఫోన్ తీసుకుంది.

"నేను తాగనని అవ్వకు చెప్పు" అన్నాను.

"చెప్పను. తాగుతాడంటేనే వీళ్ళకు అర్థమైతాది. ఫోన్ చూస్తా రైలు దిగల్యాదని ఏ మొగం పెట్టుకోని చెప్పల్ల?"

"ఇప్పుడే బస్సెక్కుతా. వాళ్ళను ఉండమను."

"నువ్వు దిగుతావని నాకు నమ్మకం లేదు."

దిగాను. దారి పొడవునా ఫోన్ ముట్టలేదు. నేను వెళ్ళేసరికి వాకిట్లో కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. తలుపు తీసింది అవ్వే. దగ్గరికొచ్చి, నా గడ్డం పట్టుకుని నోరు వాసన చూసింది. తాగి ఉంటాననే ఆమె ఆశ. తాగుడైతే మాన్పించొచ్చు, మందులున్నాయి, మొక్కులున్నాయి. వాసన ఏమీ రాలేదు. గడ్డం వదిలేసింది.

"తాగకుండానే ఇట్లయితివా నాయనా" అని గడప మీద కూలబడింది. లోపలికి రమ్మనలేదు.