కుడి మణికట్టు

కత్తెర మామకు కుదురన్నది పుట్టుకతోనే లేదు. క్షౌరశాలలో గిరాకీ లేని వేళ సైతం ఆయన కుడిచేతి వేళ్లు గాలిలో కత్తెర ఆడిస్తూనే ఉండేవి. మెట్లెక్కినప్పుడల్లా రొమ్ము మీద బండ పెట్టినట్లున్నదని వైద్యురాలి వద్దకు వెళ్తే, ఆమె యాంజియోగ్రామ్ చేయాలన్నది.

“అంటే గుండె కోస్తారా, డాక్టరమ్మా?”

“కోసేదేం లేదు, పెద్దాయనా. కుడి మణికట్టు దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం గుండె దాకా పంపుతాం. రంగుమందు వదిలి ఎక్స్‌రేలో చూస్తే, నాళం ఎక్కడ పూడిందో తెలుస్తుంది. ఇది పరీక్షే. వైద్యం సంగతి ఆ తర్వాత.”

గుండె మాట ఆయన చెవికెక్కలేదు. మనసు కుడి మణికట్టు దగ్గరే చిక్కుకుపోయింది. ఆ చేయి వణికితే, ఎవడు తన గొంతును ఆయన కత్తికి అప్పగిస్తాడు? ఇంటికి వచ్చినది మొదలు వసారాకూ వాకిలికీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు.

“కాలుగాలిన పిల్లిలా ఏంటయ్యా ఆ తిరుగుడు?” అన్నది భార్య.

“చేయి పడిపోతే అప్పుడు తెలుస్తుందే నీకు!”

“నీ చేయి ఎక్కడికీ పోదు. వాగీ వాగీ ముందు నోరు పడిపోతుంది.”

ఆసుపత్రిలో మణికట్టు మీది వెంట్రుకలు తీస్తారని ఆయన విన్నాడు. ఒకరి చేత గొరిగించుకోవడం తన వృత్తికే తలవంపని తలచి, పరీక్షనాటి ఉదయం ఎవరికీ చెప్పక, ఎడమచేత కత్తి పట్టి తానే ఆ పని కానిచ్చాడు. చేయి తడబడింది, చర్మం తెగింది.

ఆసుపత్రిలో నర్సు ఆ గాటు చూసి నివ్వెరపోయింది. “ఎవరిదీ ఘనకార్యం?”

“నాదే. మీ గొరిగే మిషన్ల మీద నమ్మకం లేక.”

“సరిగ్గా మేం గుచ్చాల్సిన చోటే కోసుకున్నారు! ఇక మీ దగ్గర గడ్డం ఎవరు గీయించుకుంటారు, బాబాయ్?”

“బయటికి పొక్కనీయకు, తల్లీ!”

గాటు మీదుగా వెళ్తే క్రిములు చేరవచ్చని, వైద్యురాలు ఎడమ మణికట్టునే ఎంచుకున్నది. మామ ముఖం వికసించింది. బల్ల మీద పడుకోబెట్టి, మణికట్టు వరకే మత్తుసూది ఇచ్చారు. రంగుమందు పారగానే ఒళ్లు వెచ్చబడింది. బూడిదరంగు తెర మీద నల్లని తీగెలు పాకి, అంతలోనే అంతర్ధానమయ్యాయి. అంతర్యామి కొలువుండే చోటని చిన్ననాటి నుండి విన్న హృదయం, క్షణమైనా విరామమెరుగక ఆయన కళ్లెదుట కొట్టుకొంటున్నది. తనకన్నా కుదురులేనిది తనలోనే ఉన్నదని ఆయన విస్తుపోయాడు. ఒకచోట తీగె నూలుపోగంత సన్నబడడం ఆయనకూ కనిపించింది.

“ఆ సన్నబడ్డ చోట నాళం తెరిచి ఉంచేందుకు స్టెంట్ వేయాలి,” అన్నది వైద్యురాలు, వార్డులో. “ఎడమవైపు దారి మెలికలు తిరిగి ఉంది. మీ గాటు మానాక కుడి చేతి నుంచే వెళ్లాలి.”

“తర్వాత కత్తి పట్టగలనా?”

“చేతికి రక్తం ఇంకో నాళంలోంచీ వస్తుంది. అది ముందే చూసుకుంటాం. ఇబ్బంది రావడం చాలా అరుదు. అసలు రాదని మాత్రం మాటివ్వను.”

ఆయన భార్య వైపు తిరిగాడు. “ఏమంటావే?”

“చేయి మిగిలి నువ్వు లేకపోతే, ఆ కత్తులు నేనేం చేసుకోనయ్యా?”

మామ కుడి మణికట్టు మీది గాటు వంక చూసుకున్నాడు.

“గాటు మానగానే వస్తాను, డాక్టరమ్మా,” అన్నాడు. కదలవద్దని నర్సు చెబుతున్నా వినక మంచం దిగబోయాడు. భార్య భుజం పట్టి పడుకోబెట్టింది.